తలకిందుల గుంజలు

మొయినాబాద్ చౌరస్తాలో బస్సు దిగి గిద్యోను మేస్త్రి దుకాణం ఎక్కడ అని అడగండి. చాయ్ హోటల్ ఆయన చూపిస్తడు, పంక్చర్ల ఆయన చూపిస్తడు. మీరు నడవలేని మనిషైతే ఎవరో ఒకరు బండి మీద తెచ్చి నా గుమ్మం ముందు దింపి పోతరు. అంత పేరు నాది. పాత సామానును కొత్తది చేసుడు అనే పని ఈ చుట్టుపక్కల మొదలుపెట్టిందే నేను. అంతకు ముందు విరిగిన మంచమైతే పొయ్యిలో పెట్టేటోళ్లు, పాత తలుపైతే కోళ్ల గూటికి అడ్డం పెట్టేటోళ్లు.

ఎడ్లబండి చక్రానికి అద్దం బిగించి టీపాయ్ చేసిన. నాగలిని దీపం స్తంభం చేసిన. గండిపేట దిక్కు ఒక బంగ్లాలో పాత గుర్రపు బండిని పుస్తకాల అల్మారా చేసి పెడితే, ఆ ఇంటాయన సంతోషంతో మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఎక్కడో మూతపడ్డ చర్చిలోని ప్రసంగం బల్లను కొని, మందు సీసాలు పెట్టుకునే కౌంటర్ చేసి ఒక ఫామ్‌హౌస్‌లో నిలబెట్టిన. దానికి మా ఆవిడ కరుణమ్మ నాతో నలభై రోజులు మాట్లాడలేదు. ఆ నలభై రోజులు నాకు మంచి నిద్ర పట్టింది.

వయసులో ఉన్నప్పుడు పచ్చి టేకు దుంగను ఒక్క భుజం మీద లేపి చేవెళ్లలో కట్టెల అడితి నుంచి రోడ్డు దాకా మోసిన. నలుగురు చూసిండ్రు. అందులో ముగ్గురు పోయిండ్రు, నాలుగో ఆయనకు ఇప్పుడు చూపు లేదు. అయినా అడిగితే చెప్తడు.

నేను ఏది చెప్పినా నాలుగింతలు చేసి చెప్తనని మా వాళ్లు అంటరు. నిజమే. కాని ఇప్పుడు చెప్పబోయేదాన్ని మాత్రం పెంచలేదు. కొన్ని చోట్ల తగ్గించిన, ఎందుకంటే నాకే చెప్పబుద్ధి కాలేదు.

పోయిన వానకాలం. సిటీ నుంచి మహేశ్వర్ అనే ఆయన కారులో వచ్చిండు. కనకమామిడిలో రెండెకరాలు కొని ఇల్లు కట్టుకున్నడు. నడుము మీద చేతులు పెట్టుకొని నా దుకాణమంతా ఒకసారి చూసిండు.

"మేస్త్రి, వరండాలో ఒక ఉయ్యాల కావాలె. కొత్త కట్టె వద్దు. పాత ఇంటి వాసన రావాలె."

"ఎన్నేండ్ల వాసన కావాలె సార్?"

"వందేండ్లది దొరుకుతదా?"

"నూటిరవై ఏండ్లది ఉన్నది. జర వాసన ఎక్కువ."

ఆయన నవ్విండు. ఆదివారం దోస్తులందరిని పిలిచిండట, శనివారం సాయంత్రానికల్లా ఉయ్యాల ఊగాలె అన్నడు. ఊగుతదన్న. నా దగ్గర నూటిరవై ఏండ్ల కట్టె కాదు గదా, ఇరవై ఏండ్లది కూడ లేదు. కాని నాకు ఎప్పుడు ఏది కావాల్నో అది నడుచుకుంట వస్తది. తెల్లారే షాబాద్ నుంచి ఫోన్ వచ్చింది, అంతమ్మ అనే ఆమె ఇంట్లో పాత పందిరి మంచం ఉన్నది, అమ్ముతరని.

ట్రాలీ ఆటో తీసుకుని నేను, శాంసన్ పోయినం. శాంసన్ నా బామ్మర్ది, కరుణమ్మకు ఒక్కడే తమ్ముడు. యాభై దాటింది, పెండ్లి చేసుకోలేదు, మా ఇంట్లనే ఉంటడు. పాలిష్ పని వానిది. చర్చిలో పాటకు కింది గొంతు వానిదే. మాట తక్కువ, అబద్ధం అసలే రాదు. అబద్ధం రానోడు పాత సామాన్ల ధందాలో ఎట్ల బతుకుతడురా అని రోజు వాన్ని సతాయిస్తుండె.

అంతమ్మ ఒక్కతే ఉంటది. మొగడు పోయిండు, అత్త కూడ రెండేండ్ల కింద పోయింది. మంచం గొడ్ల కొట్టంలో పడేసి ఉన్నది. దాన్ని చూసి నా గుండె ఝల్లుమన్నది, భయంతో కాదు. అట్లాంటి టేకు నేను మళ్ల చూడలేదు. నాలుగు గుంజలు, ఒక్కొక్కటి ఏడడుగులు. కింద చదరంగ, మందంగ. మీదికి పోయిన కొద్ది సన్నగ, కొసకు తామర మొగ్గ. నూనె తాగి నల్లబడ్డది. గోటితో కొడితే గంట లెక్క మోగింది. కిందికెల్లి జానెడున్నర మాత్రం చెదలు తిన్నది.

పట్టెలకు జానెడు మీద, నాలుగు గుంజలకూ చుట్టూ గాడి ఉన్నది. వేలు పట్టేంత లోతు. తాడు ఏండ్లకేండ్లు ఒరుసుకుంటే పడే గాడి.

"ఇవేంది అంతమ్మా?" అన్న.

"దూడను కట్టేసేటోళ్లం అన్న."

"నాలుగు మూలలకా? దూడ ఏమన్న వెల్లకిల పండుకుంటదా?"

ఆమె నవ్వలేదు. "కావాలంటె కొండవోండ్రి, వద్దంటె పోండ్రి. ఏదైనా పొద్దుగూకక ముందే," అన్నది.

తిరిగి వస్తుంటే దారిపొంటి షాబాద్ బండల గుట్టలు, దుమ్ము. శాంసన్ మెల్లగ అన్నడు.

"బావ, మంచం ఎక్కిస్తుంటె పక్కింటామె చెప్పింది. వీళ్ల అత్తకు మతి లేకుండెనంట. ఇడిచిపెడితె ఎటో ఎల్లిపోతుండెనంట. పొద్దుగాల కాళ్లు చేతులు ఈ గుంజలకే కట్టి చేను కాడికి పోయేటోళ్లంట. పొద్దుగూకినంక వచ్చి ఇప్పేటోళ్లంట. పదకొండేండ్లు."

"అయితే?"

"ఒకసారి పెండ్లికని పోయిండ్రంట. ఒక్క రోజని పోయి నాలుగో రోజు వచ్చిండ్రంట."

ఆటో గుంతల పడి లేచింది. వెనక గుంజలు ఒకదానికొకటి తగిలి మోగినయి.

"పదకొండేండ్లు గుంజినా గుంజలు కదలలేదంటె, మాల్ గట్టిదన్నట్టు," అన్న నేను, నవ్వుకుంట.

ఆ మాట అన్నది నేనే. వేరే ఎవరి మీద పెట్టను.

దుకాణంలో మంచం విప్పి చూసినప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. ఇట్లాంటి ఉపాయం తట్టే బుర్ర ఈ జిల్లాలో ఇంకోటి లేదు. మంచం పట్టెలు దూరే బెజ్జాలు గుంజలకు కింది దిక్కు ఉన్నయి. గుంజలను తలకిందులు చేస్తే ఆ బెజ్జాలు మీదికి వస్తయి. ఉయ్యాల వేలాడే అడ్డ దూలాలు అండ్లనే దూర్చొచ్చు. కొత్త బెజ్జం ఒక్కటి కొట్టే పని లేదు. చెదలు తిన్న ముక్క ఎట్లాగూ కోసి పారేస్తం, తామర మొగ్గల కింద షాబాద్ బండ దిమ్మెలు పెట్టి ఎత్తు సరిచేస్తం. తలాపు పలక ఉయ్యాల బల్ల అయితది. మంచం మొత్తం తిరగేస్తే ఉయ్యాల. నేను నా భుజం నేనే తట్టుకున్న.

ఇక్కడ మా ఉస్తాద్ సంగతి చెప్పాలె. చేవెళ్లలో నాకు పని నేర్పిన వడ్లాయన. కట్టెను కొలిచే ముందు దానికి మొదలు ఏది, కొస ఏది అని చూసేటోడు. వేరు దిక్కు ఉన్నది మొదలు, ఆకాశం దిక్కు ఉన్నది కొస. గుంజ నిలబెడితే మొదలు కిందికే ఉండాలె అనేటోడు. చెట్టు పోయినా బరువు ఎటు పోవాల్నో కట్టెకు యాదికుంటదట. తలకిందులు నిలబెడితే దాని నడుమ ఉన్న బరువంతా మీదికి పోతదట. గుర్తుపట్టుడు రాకపోతే ముక్క కోసి నీళ్ల తొట్టిలో వేయమనేటోడు. మొదలు దిక్కు మునుగుతది, కొస దిక్కు తేలుతది.

బెజ్జాల సంబురంలో నేను ఇవేవీ చూడలేదు. శాంసన్ చూసిండు.

"బావ, మొదలు మీదికి పెట్టినవ్."

"ఎవడు చెప్పిండు?"

"కోసిన ముక్కలు తొట్టిలేసి చూసిన. నాలుగు గుంజలు అట్లనే ఉన్నయి."

"నలభై ఐదేండ్ల సంది రంపం పట్టినోన్ని. పాలిష్ గుడ్డ పట్టుకునేటోనివి నువ్వు నాకు మొదలు, కొస చెప్తవా? గుంజ ఎట్ల నిలబెట్టాల్నో బైబిల్ల ఏడ రాసున్నదిరా?"

"ఉస్తాద్ చెప్పిండు గద బావ. ఒక్క రోజు పని. కొత్త బెజ్జాలు నేను కొడ్త, నువ్వు కూసో."

"నువ్వు కొట్టినంక నేను కూసునుడేనా? అక్కను గూడ పిలుస్తవా, రంపం పట్టనీకె?"

వాడు లోపలికి పోయినంక నేను తొట్టి దగ్గరికి పోయి చూసిన. ముక్క నిలువుగ తేలుతున్నది, చెదలు తిన్న దిక్కు మునిగి. వాడన్నది నిజం. నిజమని తెలిసినంక ఇంక మార్చబుద్ధి కాలేదు. వాడే ముందు చూడకపోతే మారుస్తుంటినేమో.

గాడిలల్ల బంక, రంపపు పొట్టు కలిపి నింపిన. శాంసన్ పాలిష్ పట్టిండు. ఎవరన్నా వేలుతో తడిమినా దొరకదు, అంత నున్నగ.

శనివారం మధ్యాహ్నం కనకమామిడి. ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు, వాడు కూడ మేము రాంగనే తాళాలు ఇచ్చి మొయినాబాద్ పోయిండు. వరండా పెద్దది, మీద స్లాబు. దిమ్మెలు పరిచినం, గుంజలు నిలబెట్టినం, దూలాలు దూర్చినం, గొలుసులు వేసినం. ఒక్క సుత్తె దెబ్బ ఎక్కువ పడలేదు. పని అయ్యేసరికి పశ్చిమం దిక్కు మబ్బు పట్టింది. ఆరు కూడ కాలేదు, చీకటి పడ్డది. ముసురు మొదలైంది. కరెంటు పోయింది.

అప్పుడు మహేశ్వర్ ఫోన్.

"మేస్త్రి, ఒక మనిషిని కూసోబెట్టి ఊపి వీడియో పంపు. రేపు పెద్దమనుషులు ఎక్కుతరు. ఊగిందని చూస్తెనే నాకు నమ్మకం."

"మీరు ఏనుగును తెచ్చుకోండి సార్," అన్న.

ఫోన్ పెట్టేసి, ఉయ్యాల బల్ల మీద అరచెయ్యి ఆనించి ఒత్తిన. ఎప్పుడైనా నేను చేసే పని, సామాను ఇచ్చే ముందు ఒకసారి ఒత్తి చూస్త.

బల్ల కిందికి పోలేదు. నా చెయ్యి తేలికైంది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. నీళ్ల కింద పట్టుకుని ఇడిచిపెట్టిన చెక్కముక్క లెక్క నా చెయ్యి దానంతట అది మీదికి లేచింది. గుంజుకుని వెనక్కి జరిగిన. శాంసన్ అటు తిరిగి పనిముట్లు సర్దుతున్నడు. చూడలేదు.

నాకు అంతా తెలిసింది. తెలిసి కూడ ఈ మాట అన్న:

"శాంసన్, కూసో. వీడియో తీస్త."

"నువ్వు కూసో బావ. నువ్వు చేసినవు గద."

"మోకాలు నొస్తున్నది."

"ఉయ్యాల ఎక్కనీకె మోకాలెందుకు?"

"భయమైతున్నదా? చెప్పు, ఫికర్ లేదు. ఇంటికి పోయి అక్కకు చెప్త, నీ తమ్ముడు కట్టెను చూసి లాగు తడుపుకున్నడని. చర్చిల కూడ చెప్త, కింది గొంతు ఇయాల్టి నుంచి పాడదని."

శాంసన్ నా మొహం చూసిండు. వానికి నేను అబద్ధం ఆడుతున్నట్టు తెలిసిందేమో. చెప్పులు ఇడిచి, గోడ పక్కన రెండూ జతగ పెట్టి, పోయి కూసున్నడు.

నేను ఫోన్ లైట్ వేసి పట్టుకున్న. వాన నీళ్లు రేకు గొట్టం నుంచి కారుతున్నయి. తోటలో కప్పలు అరుస్తున్నయి. వాడు కాలితో నేలను తన్నిండు. ఉయ్యాల ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది. ఇంకోసారి. దూలం చప్పుడు లేదు. నా పనితనం అది.

మూడోసారి ముందుకు పోయి ఆగింది. వెనక్కి రాలేదు.

మనిషి కూసుంటే గొలుసు బిగుసుకుంటది. నా లైట్‌లో నాలుగు గొలుసులు వదులైనయి. వాటి లంకెలు ఒకదాని మీద ఒకటి కూలబడ్డయి.

"బావ... కాళ్లు అందుతలేవు."

"ఊగుతున్నవు గద."

"ఊగుతలేను."

కప్పలు ఆగిపోయినయి. వాన మాత్రం పడుతున్నది. ఎక్కడి నుంచో వాసన వచ్చింది. ఆముదం. తడిసి ఆరని బొంత. గిన్నెలో ఎండిపోయిన గంజి... తలుపులు మూసిన అర్రలో నాలుగు రోజులు ఉండే వాసన.

టిక్.

నా తల మీద ఎక్కడో. మళ్ల టిక్. లైట్ మీదికి పట్టిన. గుంజల గాడిలల్ల నేను నింపిన బంక పొట్టు ముక్కలు ముక్కలుగ ఊడుతున్నది. ఊడి కింద పడుతలేదు. మీదికి రాలుతున్నది. స్లాబుకు తగిలి, అక్కడనే పడి ఉంటున్నది.

"పొద్దుగూకింది," అన్నది ఎవరో.

ఆడమనిషి గొంతు. కోపం లేదు. అలిసిపోయిన గొంతు.

"పొద్దుగూకింది బిడ్డా. ఇప్పుండ్రి."

రెండు దూలాల నడుమ ఏమీ లేదు, ఖాళీ. నేను చేసిన ఖాళీ. ఆ ఖాళీని ఆనుకుని ఒక ముసలామె వెల్లకిల పండుకుని ఉన్నది. వీపు ఆకాశం దిక్కు, మొహం మా దిక్కు. మంచం తిరగేసిన గద నేను... ఆమె పండుకున్న చోటనే పండుకున్నది. కాళ్లు చేతులు నాలుగు గుంజలకు చాపి ఉన్నయి. మణికట్టు దగ్గర నల్లగ, ఉబ్బి. శాంసన్ మొహానికి ఆమె మొహానికి నడుమ రెండు జానెలు లేదు.

ఆఖరి ముక్క ఊడింది. టిక్.

ముందు ఆమె జుట్టు జారింది. అప్పటిదాక స్లాబు దిక్కు పరుచుకుని ఉన్న తెల్ల జుట్టు ఒక్కసారిగ కిందికి పడ్డది, శాంసన్ నెత్తి మీద, భుజాల మీద. తర్వాత ఒక చెయ్యి వదులైంది. ఆ చెయ్యి వాని మెడ పట్టుకున్నది. ఇంకో చెయ్యి. నిచ్చెన దిగినట్ల ఆమె వాని ఒంటిని పట్టుకుని దిగుతున్నది. ఆమె దిగిన కొద్ది వాడు లేస్తున్నడు. గిలక బాయిలో ఒక బొక్కెన దిగుతుంటే ఇంకోటి ఎక్కినట్ల... మెల్లగ.

"బావ, పట్టుకో," అన్నడు. అరవలేదు. గుసగుసగ అన్నడు, చర్చిలో పక్కోనితో మాట్లాడినట్ల.

ఉరికి వాని చీలమండ పట్టుకున్న. టేకు దుంగ లేపిన చేతులు ఇవి. రెండు చేతులతో పట్టి కిందికి వేలాడిన. ఆపిన. నిజంగ ఆపిన, ఐదు నిమిషాలు ఆపిన. లేదు, ఐదు కాదు. అర నిమిషం. ఆమె కాళ్లు నేలకు ఆనినయి. నా పక్కన నిలబడ్డది. నా భుజం దాక ఉన్నది. నా ముంజేతి మీద ఒక వేలు పెట్టింది. గట్టిగ కాదు. ఊకె పెట్టింది, నాడి చూసినట్ల.

నేను వదిలేసిన.

జారిపోలేదు. చెయ్యి తిమ్మిరెక్కలేదు. వదిలేసిన.

శాంసన్ పోయి దూలాలకు కొట్టుకుని అక్కడ ఆగిపోయిండు. వెల్లకిల, మొహం నా దిక్కు, కాళ్లు చేతులు చాపుకుని. ముసలామె వాన్ని ఒకసారి చూసింది. చీర కొంగు నెత్తి మీద కప్పుకుని వరండా మెట్లు దిగి వానలోకి పోయింది. మామూలు మనిషి లెక్కనే నీళ్లల్ల అడుగుల చప్పుడు. గేటు దాక వినిపించింది. ఆడికెల్లి షాబాద్ దిక్కు.

నాకు చేతిలో బాడిస ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆ గుంజలు నిలబడి ఉండొద్దు, అంతే తెలుసు. నరికిన. పది దెబ్బలకు ఒక గుంజ. నా బతుకులో అంత తొందరగ ఏ పని చేయలేదు. మూడోది విరగంగనే దూలాలు కూలినయి. శాంసన్ మాత్రం కూలలేదు. ఆపే దూలాలు పోయినయి గద, ఇంకా మీదికి పోయి స్లాబుకు వీపు తగిలింది. మనం నేల మీద పండుకున్నట్ల వాడు స్లాబు మీద పండుకుని నన్ను చూస్తున్నడు.

"ఎందుకు నరికినవ్ బావ," అన్నడు. "తిప్పి నిలబెట్టుంటె అయిపోతుండె. మొదలు కిందికి."

అది వాడు మాట్లాడిన ఆఖరి మాట.

నిచ్చెన వేసి, ఉయ్యాల గొలుసు వాని నడుముకు చుట్టి, గుంజి దించిన. ట్రాలీకి కట్టి మీద పట్టా కప్పి ఇంటికి తెచ్చిన. విరిగిన గుంజలను కూడ తెచ్చి ఉండాలె. అతుకులు వేసి, మొదలు కిందికి పెట్టి, వాన్ని నడుమ కూసోబెట్టి ఉండాలె. ఆ రాత్రి నాకు ఆ గుంజలను ముట్టబుద్ధి కాలేదు. తెల్లారి పోదమనుకున్న. తెల్లారితే ఆదివారం. చర్చికి పోయి ముందు వరుసలో కూసున్న.

సోమవారం పోయిన. వరండా కడిగి ఉన్నది. తోటలో నడుమ ఒక నల్లటి గుండ్రం. మహేశ్వర్ నవ్వుకుంట వచ్చిండు.

"ఉయ్యాల ఎట్ల విరిగిందో గాని మేస్త్రి, కట్టె మాత్రం మస్తు మండింది. మా దోస్తులు చుట్టూ కూసుని తెల్లారిందాక పాటలు పాడిండ్రు. వాసన కూడ అద్భుతం. ఇంకోటి చేసియ్యి."

బూడిదలో చెయ్యి పెట్టి వెతికిన. అరచెయ్యంత ముక్క కూడ మిగలలేదు.

అక్కడి నుంచి షాబాద్. ఆ మంచానికి ఏదన్న ఇరుగుడు ఉంటే అంతమ్మకే తెలియాలె. పట్టపగలు, ఎండ కొడుతున్నది. తలుపు ఓరగ వేసి ఉన్నది. పిలిస్తే లోపలి నుంచి గొంతు వచ్చింది.

"మెల్లగ మాట్లాడు అన్న. మా అత్త పండుకున్నది."

సందులో నుంచి చూసిన. అంతమ్మ గోడకు ఒరిగి నేల మీద కూసున్నది. రెండు చేతులు దర్వాజ గుంజకు కట్టి ఉన్నయి. తాడు కొత్తది. పక్కన గిన్నెలో గంజి, చేతికి అందనంత దూరంలో.

"శనివారం రాత్రి వచ్చింది," అన్నది. "నడుచుకుంట వచ్చింది. ఇప్పుడే చేను కాడికి పోతనన్నది. మళ్ల పండుకున్నది. ఎప్పుడు ఇప్పుతదో ఏమో చెప్పలేదు."

"నేను ఇప్పాల్నా?"

ఆమె లోపలి అర్ర దిక్కు చూసింది. "నిన్ను చూస్తది అన్న," అన్నది.

తలుపు ఎట్ల ఉన్నదో అట్లనే మెల్లగ దగ్గరికి వేసి వచ్చిన.

ఇప్పుడు శాంసన్ మా నడిమి అర్రలో ఇనుప మంచం మీద ఉంటడు. మంచం కాళ్లను గచ్చుకు బోల్టులతో బిగించిన. కరుణమ్మ తన పాత చీరలు చింపి మెత్తటి పట్టీలు చేసింది. వాటితోనే కాళ్లు చేతులు కట్టినం. కట్టకపోతే స్లాబుకు పోతడు. రెండుసార్లు పోయిండు. రెండోసారి వాని వీపు మీద తోలు లేచింది. ఆకిట్లోకి తేవాలంటే కరుణమ్మ ఒప్పుకోదు. బయట స్లాబు లేదు గద అంటది.

పక్కింటి విజయరాణి ఒకరోజు కిటికీలో నుంచి చూసింది. "మనిషిని పశువు లెక్క కట్టేసిండ్రు. దేవుడు చూస్తలేడనుకుంటున్నరా?" అని గల్లీ అంతా వినేటట్టు అన్నది.

ఆ రోజు ఏమైందని కరుణమ్మ ఒక్కసారే అడిగింది.

"వాడే కూసుంటనన్నడు," అన్న. "నేను వద్దన్న. నేనే కూసుంటనన్న. ఇనలేదు."

శాంసన్ అక్కడనే ఉన్నడు. విన్నడు. నోరు తెరవలేదు. అబద్ధం రాని మనిషి నా అబద్ధాన్ని అట్లనే ఉండనిచ్చిండు. కరుణమ్మ వాని నుదురు తుడిచి, "పిచ్చోడ, బావ మాట ఇనకపోతివి," అన్నది.

మొన్న ఎండలు ముదిరినంక కరుణమ్మ అన్నది, తమ్ముని మీద స్లాబు కారుతున్నదని. వానలు లేవు, మా స్లాబు మీద నీళ్ల ట్యాంకు లేదు. నిచ్చెన వేసి ఎక్కి చూసిన. సరిగ్గ వాని మొహానికి ఎదురుంగ రెండు తడి మరకలు, ఒకదానికొకటి బెత్తెడు దూరంలో. వేలితో అద్ది నాలుకకు పెట్టుకున్న. ఉప్పగ ఉన్నది. కిందికి చూస్తే వాడు నన్నే చూస్తున్నడు. రెప్ప కొట్టిండు. ఒక చుక్క వాని కంటి నుంచి లేచి, నా చెవి పక్క నుంచి పోయి మరకకు తగిలింది. నేను దిగి, సిమెంటు పనోడిని పిలుస్త అని కరుణమ్మకు చెప్పిన.

అది శాంసన్ సంగతి. దానికి అలవాటు పడ్డం.

నేను పండుకునేది ముందర్రలో. ఇయాల పొద్దుగాల కళ్లు తెరిస్తే, నా మంచానికి మీద, సరిగ్గ నా మొహానికి ఎదురుంగ, స్లాబు మీద రెండు మరకలు. తడివే. నిచ్చెన వేసి చూసిన. ఉప్పగనే ఉన్నయి. నేను పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి ఏడ్వలేదు. మా నాయన పోయిననాడు ఏడ్వలేదు, రంపం పడి వేలు తెగిననాడు ఏడ్వలేదు, శాంసన్‌ను ట్రాలీకి కట్టిననాడు కూడ ఏడ్వలేదు. మొయినాబాద్‌లో ఎవరినన్న అడగండి, చెప్తరు.

మరి ఆ రెండు మరకలు రాత్రికెల్లి ఎవరివో నాకు తెలుస్తలేదు.